కంప్యూటర్ విజ్ఞానం: తాళం బిగిసినదా? చొరబాటు పరీక్షకు తొలిపాఠం



గత కొన్ని మాసాలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఒక ప్రశ్న పదే పదే కనిపిస్తున్నది. ఖరగ్‌పూర్ రైలు పట్టణంలో, ముఖ్యంగా తాల్‌బగీచాలో నివసించే మన ఉద్యోగుల కుటుంబాల నుండి అది ఎక్కువగా వచ్చింది. "మా అబ్బాయి కంప్యూటర్లలోకి చొరబడే విద్య నేర్చుకొంటానంటున్నాడు. అది దొంగవిద్య కాదా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. "ఆ విద్యను ఎక్కడ మొదలుపెట్టాలి?" అని పిల్లలు అడుగుతున్నారు. రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట దొరుకుతుంది గనుక, ఈ సంచికలో రెండింటినీ కలిపి చర్చింపదలచాము.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి బయలుదేరి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు "పరీక్ష" అనే మాటను వివరించనక్కరలేదు. కీమాన్ ప్రతిదినం తన బీటులో నడిచి, వదులైన తాళాలను సుత్తితో బిగిస్తాడు. బండి పరీక్షకుడు చక్రాన్ని తట్టి, ఆ ధ్వనిని బట్టి పగులు ఉన్నదీ లేనిదీ గ్రహిస్తాడు. పట్టా లోపలి పగులును పసిగట్టడానికి అతిధ్వని తరంగాలను పంపుతారు. బండి పడిపోయిన తరువాత కారణం వెదకడం కంటే, పడకముందే లోపం వెదకడం మేలన్నది ఆ పనులన్నింటి సారాంశం. కంప్యూటర్ల వలయానికి అదే పని చేసే పద్ధతిని "పెనెట్రేషన్ టెస్టింగ్" అంటారు. దీనిని మనము "చొరబాటు పరీక్ష" అని పిలుచుకొందాము. దొంగ ఏ దారిన రాగలడో, యజమాని అనుమతితో, దొంగ కంటే ముందుగా ఆ దారిన నడిచి చూచి, తిరిగి వచ్చి యజమానికి చెప్పడమే ఈ పరీక్ష.

సిగ్నలింగ్ విభాగంలో పనిచేసినవారికి ఇంకొక పోలిక స్ఫురిస్తుంది. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషనులో పాత రిలే పద్ధతి స్థానంలో 800 రూట్లను నిర్వహించగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఏర్పాటయింది. ఇటువంటి ఏర్పాటును వాడుకలోకి తెచ్చే ముందు, సరియైన రూటు వేస్తే సిగ్నల్ పడుతున్నదా అని మాత్రమే చూచి ఊరుకోరు. ఒకదానికొకటి అడ్డువచ్చే రెండు రూట్లను కావాలనే వేయడానికి ప్రయత్నించి, యంత్రం నిరాకరిస్తున్నదా అని కూడా చూస్తారు. "జరగవలసినది జరుగుతున్నదా" అన్నది ఒక పరీక్ష. "జరగకూడనిది జరగకుండా ఆగుతున్నదా" అన్నది రెండవ పరీక్ష. చొరబాటు పరీక్ష ఈ రెండవ కోవకు చెందినది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఒకే పెద్ద కంప్యూటరును పలువురు పంచుకొనే పద్ధతి 1960 దశకంలో అమెరికాలో వ్యాపించినప్పుడే, ఒకరి సమాచారం మరొకరి చేతికి చిక్కదన్న భరోసా ఏమిటన్న ప్రశ్న పుట్టింది. అక్కడి వైమానిక దళం కోసం జేమ్స్ ఆండర్సన్ 1972లో సమర్పించిన నివేదిక, వ్యవస్థలోకి చొరబడి చూచే విధానాన్ని క్రమబద్ధంగా వివరించింది. 1993లో డాన్ ఫార్మర్, వీట్సె వెనెమా అనే ఇద్దరు నిపుణులు, తన కంప్యూటర్ల భద్రతను మెరుగుపరచుకొనదలచినవాడు దొంగ కన్నుతో వాటిని చూడాలని ఒక వ్యాసంలో బోధించారు. 1995లో అందుకు తగిన ఉపకరణాన్ని కూడా ఉచితంగా అందించారు. 1997 సెప్టెంబరులో గోర్డన్ లయన్ "ఎన్‌మ్యాప్" అనే ఉపకరణాన్ని విడుదల చేశారు. నేటికీ ఈ విద్య నేర్చేవారు మొదట పట్టుకొనే పనిముట్టు అదే.

మన పొరుగున జరిగిన సంగతి

ఇదంతా ఎక్కడో పెద్ద నగరాల వ్యవహారమని అనుకొనరాదు. 2017 మే 12న "వాన్నాక్రై" అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచంపై విరుచుకుపడింది. సుమారు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోని దస్త్రాలకు తాళం వేసి, తాళం తీయడానికి 300 డాలర్లు చెల్లించమన్నది. జర్మనీ రైల్వే స్టేషన్లలో రైళ్ల రాకపోకలు తెలిపే తెరలపై ఆ బెదిరింపు ప్రత్యక్షమయింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఖరగ్‌పూర్‌కు దక్షిణాన, మన పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే, బేల్దా, నారాయణగఢ్, దాంతన్ వంటి చోట్ల ఉన్న రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాల కంప్యూటర్లు కూడా ఈ దాడికి గురి అయ్యాయి. బాలేశ్వర్ వైపు వెళ్లే బండిలో మనము దాటిపోయే ఊళ్లే అవి. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన సామాన్యుడు వెనుదిరగవలసి వచ్చే పరిస్థితి, సముద్రాల ఆవల పుట్టిన ఒక ప్రోగ్రాము వలన ఏర్పడింది.

ఇందులో గమనింపదగిన విషయం ఒకటున్నది. ఆ దుష్ట ప్రోగ్రాము వాడుకొన్న లోపం ఎవరికీ తెలియనిది కాదు. దానిని సరిచేసే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14వ తేదీనే విడుదల చేసింది. అనగా దాడికి 59 దినాల ముందే మందు సిద్ధంగా ఉన్నది. ఏ కంప్యూటరుకు మందు వేశాము, దేనికి వేయలేదు అన్న లెక్క లేని కార్యాలయాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆ 59 దినాలలో ఒక్క పూట కూర్చొని, దస్త్రాలు పంచుకొనే 445వ ద్వారం ఏయే కంప్యూటర్లలో తెరచి ఉన్నదో, వాటిలో సవరణ లేనివి ఏవో పరీక్షించి ఉంటే, చికిత్స చేయవలసిన యంత్రాల పట్టిక చేతికి వచ్చేది. ఆ పట్టికను తయారు చేయగలవాడు దొంగ కాడు. కీమాన్ చేసే పని వంటిదే అతని పని.

మొదటి మెట్టు: అనుమతి

మరి దొంగకూ పరీక్షకునికీ భేదం ఎక్కడున్నది? ఇద్దరి చేతిలోని పనిముట్లు ఒకటే, ఇద్దరూ నడిచే దారి కూడా ఒకటే. భేదమంతా అనుమతిలో ఉన్నది. రైలు పట్టాలపై మరమ్మతు చేయదలచిన ఇంజనీరు గడ్డపార తీసుకొని తిన్నగా పట్టాపైకి వెళ్లడు. మొదట "బ్లాక్" తీసుకొంటాడు. ఏ స్టేషను నుండి ఏ స్టేషను వరకు, ఎన్ని గంటల నుండి ఎన్ని గంటల వరకు, బాధ్యుడెవరు అన్నవి వ్రాతపూర్వకంగా ఉంటాయి. ఇచ్చిన సమయానికి లైను తిరిగి అప్పగించాలి. చొరబాటు పరీక్షకు కూడా సరిగ్గా ఇదే క్రమం. ఏ కంప్యూటర్లను పరీక్షించవచ్చు, వేటిని ముట్టుకొనరాదు, ఏ తేదీలలో, ఏ గంటలలో, ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోను చేయాలి అన్నవన్నీ కాగితం మీద యజమాని సంతకంతో ఉండాలి. నోటిమాట చాలదు.

ఈ విషయంలో చట్టం స్పష్టంగా ఉన్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షను ప్రకారం, యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులో గాని, కంప్యూటర్ల వలయంలో గాని ప్రవేశించినవారు నష్టపరిహారానికి బాధ్యులవుతారు. అదే పనిని దురుద్దేశంతో గాని, మోసపూరితంగా గాని చేసినట్లయితే 66వ సెక్షను క్రింద 3 సంవత్సరాల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన వాటిలోకి చొరబడితే, చొరబడే ప్రయత్నం చేసినా, 70వ సెక్షను క్రింద శిక్ష 10 సంవత్సరాల వరకు ఉండవచ్చు. "ఊరికే చూద్దామని చేశాను" అన్న మాట పోలీసు స్టేషనులో ఎంతవరకు నిలుస్తుందో పిల్లలకు పెద్దలు చెప్పాలి.

కాబట్టి, ఔత్సాహికులు ముట్టుకొనరాని వాటిని ముందే చెబుతాము. స్టేషనులోని ఉచిత వైఫై, పక్కింటివారి వైఫై, కళాశాల ప్రయోగశాల, నాన్నగారి కార్యాలయం నుండి ఇంటికి తెచ్చిన ల్యాప్‌టాప్ — ఇవేవీ మనవి కావు. అద్దె ఇంట్లో ఇంటి యజమాని ఇచ్చిన కనెక్షను కూడా మనది కాదు.

రెండవ మెట్టు: ఇంటిలో ప్రయోగశాల

అయితే ఎవరి కంప్యూటరునూ ముట్టుకొనకుండా నేర్చుకొనడం ఎట్లా? ఇందుకు చక్కని ఉపాయమున్నది. 8 గిగాబైట్ల జ్ఞాపకశక్తి గల సాధారణ కంప్యూటరు ఒక్కటి చాలును. "వర్చువల్ బాక్స్" అనే ఉచిత ప్రోగ్రాము ద్వారా ఆ ఒక్క కంప్యూటరు లోపలనే రెండు ఊహా కంప్యూటర్లను సృష్టించుకొనవచ్చును. మొదటిదానిలో, పరీక్షకు కావలసిన పనిముట్లన్నీ కూర్చి 2013 నుండి ఉచితంగా అందిస్తున్న "కాలీ లినక్స్"ను నెలకొల్పాలి. రెండవదానిలో, నేర్చుకొనేవారి కోసమే కావాలని లోపాలతో తయారు చేసిన "మెటాస్ప్లాయిటబుల్" అనే వ్యవస్థను ఉంచాలి. మొదటిది పరీక్షకుడు, రెండవది పరీక్షింపబడేది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెండవ యంత్రం ఒళ్లంతా చిల్లులున్న కుండ వంటిది. దానిని ఇంటర్నెట్టుకు తగిలించరాదు. వర్చువల్ బాక్స్ అమరికలలో "హోస్ట్ ఓన్లీ" అనే పద్ధతిని ఎంచుకొంటే, రెండు ఊహా కంప్యూటర్లూ తమలో తాము, తమను మోస్తున్న అసలు కంప్యూటరుతో మాత్రమే మాట్లాడుకొంటాయి; బయటి ప్రపంచానికి కనబడవు. ఈ అమరిక సరిగా ఉన్నదని రూఢి చేసుకొన్న తరువాతనే ముందుకు సాగాలి.

మూడవ మెట్టు: భాష తెలిసికొనుట

పనిముట్టు పట్టుకొనే ముందు కంప్యూటర్లు ఎట్లా మాట్లాడుకొంటాయో తెలియాలి. వలయంలోని ప్రతి యంత్రానికి ఒక చిరునామా ఉంటుంది. దానినే ఐపీ చిరునామా అంటారు. ఆ చిరునామాలో 1 నుండి 65,535 వరకు సంఖ్యలు గల ద్వారాలుంటాయి, వీటిని పోర్టులంటారు. వెబ్ పేజీలకు 80, 443; దూరం నుండి యంత్రాన్ని నిర్వహించడానికి 22; దస్త్రాలు పంచుకొనడానికి 445 — ఈ విధంగా ఒక్కొక్క సేవకు ఒక్కొక్క ద్వారం వాడుకలో ఉన్నది.

రెండు కంప్యూటర్లు మాట మొదలుపెట్టే తీరు, ఇరు స్టేషన్ల మాస్టర్ల మధ్య జరిగే "లైన్ క్లియర్" సంభాషణను పోలి ఉంటుంది. "బండి పంపవచ్చునా?" అని అడగనిదే, అవతలివారు సమ్మతింపనిదే బండి కదలదు. అట్లే ఒక యంత్రం "మాట్లాడవచ్చునా?" అని అడుగుతుంది. రెండవది "మాట్లాడవచ్చు, నా మాట నీకు అందుతున్నదా?" అంటుంది. మొదటిది "అందుతున్నది" అన్న పిమ్మట అసలు సమాచారం సాగుతుంది. పరీక్షకుడు ఈ మర్యాదనే వాడుకొంటాడు. ఒక్కొక్క ద్వారం వద్ద "మాట్లాడవచ్చునా?" అని అడుగుతాడు. "మాట్లాడవచ్చు" అంటే ద్వారం తెరచి ఉన్నది. "వీలుకాదు" అంటే మూసి ఉన్నది. ఏ సమాధానమూ రాకపోతే, మధ్యలో ఒక కాపలాదారు ఆ ప్రశ్నను ఆపివేసి ఉండవచ్చు. ఈ కాపలాదారునే ఫైర్‌వాల్ అంటారు.

నాలుగవ మెట్టు: తట్టి చూచుట

ఎన్‌మ్యాప్ చేసే పని స్థూలంగా ఇంతే. మొదట వలయంలో మెలకువగా ఉన్న యంత్రాలెన్ని అని అడగాలి. ఆ పట్టికను మన దగ్గరున్న లెక్కతో సరిపోల్చాలి. లెక్కలో లేని యంత్రం కనబడితే, అదే మొదటి ఫలితం. మరచిపోయిన పాత కంప్యూటరుకు సవరణలు అందవు గనుక ముప్పు అక్కడే ఎక్కువ. తరువాత, ప్రతి యంత్రంలోనూ తెరచి ఉన్న ద్వారాలేవో చూడాలి. ఆ పిమ్మట, తెరచిన ద్వారం వెనుక ఏ ప్రోగ్రాము, ఏ సంచిక పనిచేస్తున్నదో అడగాలి.

మన ప్రయోగశాలలోని రెండవ యంత్రాన్ని ఇట్లా తడితే, 21వ ద్వారం వెనుక దస్త్రాలు బదిలీ చేసే "వీఎస్‌ఎఫ్‌టీపీడీ" ప్రోగ్రాము 2.3.4 సంచిక ఉన్నట్లు తెలుస్తుంది. ఇక వెదకవలసినది ఆ సంచికలో తెలిసిన లోపమేమైనా ఉన్నదా అన్న విషయం. బయటపడిన ప్రతి లోపానికి ఒక క్రమసంఖ్య ఇచ్చి నమోదు చేసే "సీవీఈ" పద్ధతి 1999 నుండి అమలులో ఉన్నది. ఆ పట్టికలో చూస్తే అసలు కథ తెలుస్తుంది. ఆ సంచిక గల దస్త్రాన్ని ఎవరో తారుమారు చేసి అందులో రహస్య ద్వారం అమర్చారని 2011 జూలైలో బయటపడింది. తెరచిన ద్వారం నుండి ప్రోగ్రాము పేరుకు, పేరు నుండి సంచికకు, సంచిక నుండి తెలిసిన లోపానికి — ఈ మూడు అంగల నడకే చొరబాటు పరీక్షలో సింహభాగం. ఓపికగా చదివి, వరుసగా వ్రాసి పెట్టుకొనేవారికి ఇది పట్టుబడుతుంది.

లోపం నిజమేనని నిరూపించడానికి లోపలికి ఒక అడుగు వేయడం తరువాతి పని. అందుకు "మెటాస్ప్లాయిట్" వంటి ఉపకరణాలున్నాయి. ప్రయోగశాలలో వాటిని ఎంతైనా సాధన చేయవచ్చును. నిజమైన కార్యాలయంలో మాత్రం, ప్రవేశించగలిగామని నిరూపణ దొరకగానే ఆగిపోవడం వృత్తిధర్మం. లోపలి ఉత్తరాలు చదవడం, జీతాల పట్టికలు చూడడం పరీక్ష కాదు. నిత్యం పనిచేస్తున్న యంత్రం పరీక్ష వలన ఆగిపోకుండా చూడడం కూడా పరీక్షకుని బాధ్యతయే. కర్మాగారపు యంత్రాలను, సిగ్నళ్లను నడిపే పాత నియంత్రణ వ్యవస్థలు మామూలు తట్టుడుకు కూడా తడబడే అవకాశమున్నది గనుక, నడుస్తున్న అటువంటి వ్యవస్థపై కొత్తవారు చేయి వేయరాదు.

ఐదవ మెట్టు: నివేదిక

కుర్రవారికి నచ్చనిదీ, యజమానికి కావలసినదీ ఈ మెట్టే. లోపం ఎక్కడున్నది, దానిని ఎట్లా కనుగొన్నాము, దాని వలన కలిగే నష్టమేమి, ఎంత తొందరగా సరిచేయాలి, ఎట్లా సరిచేయాలి — ఈ ఐదు అంశాలను ప్రతి లోపానికీ విడివిడిగా, పైఅధికారికి కూడా అర్థమయ్యే భాషలో వ్రాయాలి. సరిచేసిన తరువాత మరల తట్టి చూడాలి. నివేదిక వ్రాయని పరీక్షకుడు, పగులు చూచి కూడా కబురు చెప్పని కీమాన్ వంటివాడు.

కబురు చెప్పడం ఎంత విలువైనదో ఒక ఉదాహరణ చెబుతాము. 2021 ఆగస్టులో చెన్నైకి చెందిన 12వ తరగతి విద్యార్థి ఒకరు రైలు టిక్కెట్టు బుక్ చేసుకొంటూ, ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో ఒక సంఖ్యను మార్చితే ఇతర ప్రయాణికుల టిక్కెట్ల వివరాలు కనిపిస్తున్నట్లు గమనించాడు. ఆగస్టు 30న "సెర్ట్‌ఇన్"కు తెలియజేశాడు. కంప్యూటర్ భద్రతకు సంబంధించి 2004లో ఏర్పడిన మన జాతీయ సంస్థ అది. కొద్ది దినాలలోనే లోపాన్ని సరిచేశారు. అనుకొనకుండా లోపం కంటబడితే అనుసరించవలసిన మార్గమిదే: మరింత లోతుకు వెళ్లకుండా ఆగడం, ఎవరికీ చాటకుండా తగిన సంస్థకు తెలియజేయడం. అయితే దీనిని అనుమతి లేకుండా వెదుకులాడడానికి ఆధారంగా తీసుకొనరాదని మరల మనవి చేస్తున్నాము.

గృహస్థులకు నాలుగు మాటలు

ఈ విద్య నేర్చుకొనే ఉద్దేశం లేనివారు కూడా తమ ఇంటిని తాము పరీక్షించుకొనవచ్చును. ఇంటిలోని వైఫై రూటరు పుటను తెరచి, ఏయే పరికరాలు తగిలించి ఉన్నాయో లెక్కించండి. ఇంటిలోని ఫోన్లు, టీవీ, కెమెరాలతో ఆ లెక్క సరిపోవాలి. రూటరుతో వచ్చిన నిర్వహణ పాస్‌వర్డును వెంటనే మార్చండి. వైఫై పాస్‌వర్డును మార్చి, దీనిని మార్చకుండా వదిలివేసే ఇళ్లు అనేకం. ఒక మీట నొక్కి పరికరాలను కలిపే "డబ్ల్యూపీఎస్" సౌకర్యాన్ని ఆపివేయండి. రూటరుకు సవరణలు వచ్చినప్పుడు వేసుకొనండి. అతిథులకు, వచ్చిపోయేవారికి వేరే వైఫై పేరు ఇవ్వండి. ముఖ్యమైన దస్త్రాలు, ఫోటోల నకలు ఒకటి కంప్యూటరుకు తగిలించకుండా విడిగా దాచండి. వాన్నాక్రై వంటిది వచ్చిన నాడు ఆ నకలే మనలను కాపాడుతుంది.

ముందుకు సాగదలచిన విద్యార్థులకు, తాల్‌బగీచాకు కూతవేటు దూరంలోనే గొప్ప వనరున్నది. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు ఇంద్రనీల్ సేన్‌గుప్తాగారు "ఎథికల్ హ్యాకింగ్" పేరిట 12 వారాల పాఠ్యక్రమాన్ని ఎన్‌పీటెల్ ద్వారా అందించారు. ఆ పాఠాలను ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చును. ఐఐటీలో సీటు రాని పిల్లలకు కూడా ఐఐటీ ఆచార్యుని పాఠం ఇంటికే వస్తున్నదన్న మాట. చదువు పూర్తయిన తరువాత ఉపాధికి కూడా కొదవ లేదు. ప్రభుత్వ కార్యాలయాల, సంస్థల వ్యవస్థలను తనిఖీ చేయడానికి సెర్ట్‌ఇన్ ఆడిటింగు సంస్థలను గుర్తించి పట్టిక ప్రకటిస్తుంది. ఆ సంస్థలకు పరీక్షకులు కావాలి. పైగా భద్రతకు భంగం కలిగినట్లు తెలిసిన 6 గంటలలోగా తెలియజేయాలని సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు జారీ చేసిన పిమ్మట, ఏమి జరిగిందో తెలిసినవారి అవసరం సంస్థలకు మరింత పెరిగింది. అయితే ఆ ఉద్యోగాలలో మొదట అడిగేది నమ్మకం. పదిహేడేళ్ల వయసులో సరదాకు చేసిన ఒక్క చొరబాటు, పోలీసు కేసుగా మారితే, ఇరవై రెండేళ్లకు రావలసిన ఆ ఉద్యోగానికి అడ్డుగోడ అవుతుంది.

కనుక తల్లిదండ్రులకు మా సలహా ఇది. పిల్లవాడు ఈ విద్య నేర్చుకొంటానంటే కోప్పడకండి, భయపడకండి. వాడి చేత ఇంటిలో ప్రయోగశాల పెట్టించండి. మన ఇంటి రూటరును పరీక్షించడానికి మీ సంతకంతో ఒక అనుమతి కాగితం ఇవ్వండి. పరీక్ష ముగిసిన పిమ్మట నివేదిక వ్రాసి ఇమ్మని అడగండి. అనుమతితో మొదలుపెట్టి నివేదికతో ముగించే అలవాటు ఇంటిలోనే అబ్బితే, మధ్యలోని సాంకేతిక విద్య దానంతటదే వస్తుంది.

వచ్చే సంచికలో పాస్‌వర్డుల గురించి, వాటిని దొంగలు ఊహించే తీరును గురించి తెలిసికొందాము. పాఠకులు తమ సందేహాలను ఎప్పటివలె సంపాదకుల చిరునామాకు వ్రాయవలసినదిగా కోరుతున్నాము.